కలాసీ మావయ్య చెప్పిన సోక్రటీసు

నా చిన్నప్పుడు మా పల్లెలో ‘నాకు తెలీదు’ అన్న మాట ఎవరి నోటా వినపడేది కాదు. సముద్రం రంగు ఎందుకు మారిందంటే ఒకరికి తెలుసు. చేపలు ఎటు పోయాయంటే ఇంకొకరికి తెలుసు. ఎవరి కడుపున ఆడపిల్ల పడిందో, ఎవరి మొగుడు ఎందుకు తాగుతున్నాడో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఎనిమిదేళ్ళ పిల్లను, అక్షరం ముక్క రాదు, అయినా అడిగినదానికల్లా జవాబు నాలిక చివర ఉండేది. ఆ నాలిక ఒక మనిషిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టబోయింది. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. నాకు చదువు నలభై దాటాక వచ్చింది. కాబట్టి తిన్నగానే రాస్తాను, మాటల్ని చుట్టూ తిప్పడం నాకు చేతకాదు.

మా పల్లె యారాడ కొండ కింద, సముద్రం వైపున. పేరు చెప్పను. అప్పటివాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. కొండకి ఇటు మేము, అటు రేవు. మా ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను, కొత్తగా పుట్టిన తమ్ముడు. మా నాన్న పెద్ద వల లాగేవారిలో ఒకడు. పెద్ద వల ఊరందరిదీ. నావలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి, రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి, మగవాళ్ళంతా రెండు వరసల్లో నిలబడి లాగేవారు. ఆడవాళ్ళు ఆ వలను ముట్టకూడదు, దాటకూడదు. చేపలు ఇసక మీద పడ్డాకే గంపలు పట్టుకుని దగ్గరికి వెళ్ళాలి.

మా ఎదురింట్లో బొడ్డత్త ఉండేది. ఆవిడ మంత్రసాని. ఊళ్ళో ప్రతి పిల్ల బొడ్డూ ఆవిడే కోసింది కాబట్టి పిల్లలందరం బొడ్డత్త అనేవాళ్ళం. అసలు పేరు నాకు చాలా ఏళ్ళ దాకా తెలీదు. మొగుడు సముద్రంలో పోయాడు. పిల్లల్లేరు. గొంతు కరుకు, చేతులు మెత్తన. మా తమ్ముడు పుట్టగానే ఏడవలేదట. ఆవిడ వాణ్ణి కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద రెండు తగిలించి, “ఏడవరా సచ్చినోడా, మీ యమ్మ ఇంత కస్టపడింది నీ మౌనం సూడ్డానికేటి?” అందట. అప్పుడు ఏడిచాడు. అలా మా ఇంటికి వాణ్ణి ఇచ్చిన మనిషి ఆవిడ.

ఇక మా మావయ్య. అమ్మకి తమ్ముడు, రేవులో కలాసీ. ఓడల్లోకి సరుకు ఎక్కించడం, దించడం పని. ఆయనకీ చదువు లేదు. ప్రతి ఆదివారం పడవలో రేవు కాలవ దాటి, కొండ మీద కాలిబాటన నడిచి మా ఇంటికి వచ్చేవాడు. వస్తూ ఒక ఓడ కథ తెచ్చేవాడు. ఆ ఏడు ఇనపరాయి ఎత్తుకోవడానికి ఒక గ్రీకు ఓడ వచ్చి, యంత్రం చెడి, చాలా రోజులు రేవులోనే ఉండిపోయింది. ఆ ఓడలో వంటవాడికీ మా మావయ్యకీ బీడీల దగ్గర స్నేహం కుదిరింది. ఇద్దరికీ రాని ఇంగ్లీషులో, చేతులతో, గట్టు మీద బొగ్గుతో గీసిన బొమ్మలతో మాట్లాడుకునేవారు. అలా వచ్చింది మా ఊరికి సోక్రటీసు కథ.

ఆ మధ్యాహ్నం మా నాన్న అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మావయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. “ఆళ్ళ ఊరూ మన ఊరు లాగేనట. పక్కనే రేవు, ఓడలొస్తాయి, ఎల్తాయి. అక్కడ సోక్రటీసని ఒక ముసిలోడు. ముక్కు సప్పిడి, బొజ్జ, కాళ్ళకి సెప్పుల్నేవు. ఆడి నాన్న రాళ్ళు సెక్కీవోడు. అమ్మ ఏటి సేసీదనుకున్నావు? మంత్రసాని! మన బొడ్డత్త లాగ.”

ఆ ముసిలాయన పొద్దున్నే బజారుకు వెళ్ళేవాడట. కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు, అడగడానికి. యుద్ధంలో పేరు మోసినవాణ్ణి పట్టుకుని ధైర్యం అంటే ఏమిటయ్యా అనేవాడు. తీర్పులు చెప్పేవాణ్ణి పట్టుకుని న్యాయం అంటే ఏమిటయ్యా అనేవాడు. వాళ్ళు చెప్పేవారు. ఆయన దాని మీద ఇంకోటి అడిగేవాడు. దాని మీద మరోటి. చివరికి ఆ పెద్దమనిషి నడిబజారులో చెమటలు కక్కుతూ నిలబడేవాడు. చుట్టూ కుర్రాళ్ళు నవ్వేవారు. ‘మా అమ్మ పిల్లల్ని బయటికి తీసేది, నేను మనుషుల లోపలున్న మాటని బయటికి తీస్తాను, కనేది వాళ్ళే, నేను పట్టుకుంటాను అంతే’ అనేవాడట. అందరికన్నా తెలివైనవాడివి నువ్వేనని గుడిలో చెప్పారంటే ఆయనే నమ్మలేదట. వెతగ్గా వెతగ్గా తేలింది ఒక్కటే. “నాకు తెల్దని నాకు తెలుసు. ఆళ్ళకి అదీ తెల్దు. అదీ తేడా,” అన్నాడు మావయ్య, తనే సోక్రటీసైనట్టు బొజ్జ ముందుకు తోసి.

తర్వాత ఆ ఊరి పెద్దలకి కోపం వచ్చింది. కుర్రాళ్ళని చెడగొడుతున్నాడని, దేవుళ్ళని లెక్కచెయ్యడని నేరం మోపారు. విషం తాగమన్నారు. స్నేహితులు పారిపోవడానికి దారి చూపిస్తే వెళ్ళనన్నాడు, గిన్నె అందుకుని తాగేశాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అంత తెలివైనవాడు పారిపోవచ్చు కదా అన్నాను. మావయ్య నవ్వి, “నానూ వంటోణ్ణి అదే అడిగినాను. ఊరి మాట ఇనాలని బతుకంతా సెప్పినోడు, తన ఒంతు వొచ్చినప్పుడు పారిపోతే బాగుంటాదేటి అన్నాడు,” అని చెప్పాడు. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే అర్థమైంది.

మా నాన్న తాడు పక్కన పెట్టి, “అంత మడిసి ఏటేటి రాసి పెట్టినాడు బావా?” అన్నాడు.

“ఒక్క అచ్చరం రాయనేదట బావా.”

“మరి నీకెలా తెలిసింది?”

“వంటోడు సెప్పినాడు.”

“ఆడికి?”

“ఆళ్ళ అమ్మమ్మ సెప్పిందట.”

నాన్న పగలబడి నవ్వాడు. “అయితే వంటోళ్ళూ అమ్మమ్మలూ మోసుకొచ్చినారన్నమాట!”

“రేవులో సరుకంతా అలాగే కదా వస్తాది బావా. ఒకడి బుజం మీంచి ఇంకొకడి బుజానికి.”

ఆ వారమంతా నేను సోక్రటీసునే. కనపడ్డవాళ్ళనల్లా ‘నీకెలా తెలుసు’ అని అడిగాను. సముద్రంలో గంగమ్మ తల్లికి కోపమొచ్చిందని నాయనమ్మ అంటే, నీకెలా తెలుసు నాయనమ్మా అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న చేపల గంప నా నెత్తిన బోర్లించింది. ఆటలో ఆయన అడగడమే నేను పట్టుకున్నాను. ‘నాకు తెలీదు’ అనే సగం వదిలేశాను.

గంగమ్మ తల్లి కోపం మాట ఊరికే రాలేదు. అప్పటికి ఇరవై రోజులుగా పెద్ద వల ఖాళీగా వస్తోంది. వల నిండా నాచు, నాలుగు పీతలు. కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలు ఒక్కటీ లేవు. ఇళ్ళలో గంజి పలచబడింది. మగవాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఊరి పెద్దాయన మొహం చూడలేకపోయేవాళ్ళం. ఆయన చెడ్డవాడు కాదు, అది ముందే చెబుతున్నాను. తుఫానులో రెండుసార్లు నావ వేసుకుని వెళ్ళి మునిగిపోతున్నవాళ్ళని తెచ్చిన మనిషి. కానీ ఊరు ఆకలితో ఉంటే పెద్దకి కారణం తెలిసి తీరాలి. తెలీదంటే ఇంక పెద్ద ఎందుకు?

ఆ వచ్చిన ఆదివారం పొద్దున్న వల లాగితే, నాచు మధ్య ఒక మూట కనపడింది. వల చివర చేపలు చేరే సంచికి లోపలివైపు కట్టి ఉంది. రేగుపండంత మూట. పసుపు గుడ్డ, దాని మీద నల్ల దారం గట్టిగా చుట్టి ముడేసి ఉంది. లాగుతున్నవాళ్ళు వల వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశారు. ఎవరో ‘సిల్లంగి’ అన్నారు. మావైపు చేతబడిని అలాగే అంటారు. ఆ మాట ఒకసారి పడ్డాక ఇంకెవరూ వేరే మాట అనలేదు.

మూట కట్టినవాళ్ళ పేరు కావాలి. పేరు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. గుడ్డలు, దారాలు, పసుపు, పేగులు ఎవరి చేతిలో ఉంటాయి? ఎవరి మొగుణ్ణి సముద్రం మింగింది? ఊరి మీద కడుపుమంట ఎవరికి ఉంటుంది? బొడ్డత్తని ఇంట్లోంచి పిలుచుకొచ్చి ఇసకలో నిలబెట్టారు. ఆవిడ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. ఏమిటో అడిగింది. చెప్పారు. “నానెందుకు కడతానర్రా? మిమ్మల్నందర్నీ ఈ సేతుల్తో తీసినాను,” అంది. దాంతో ఇంకా అనుమానం పెరిగింది.

అప్పుడు పెద్దాయన కోడలు నావైపు తిరిగింది. “ఒలే గుంటా, నువ్వు తెల్లారక ముందునుంచీ ఒడ్డంట తిరుగుతావు కదా. ఈ మంత్రసాని వల కాడికి రావడం సూసినావా?”

నేను చూడలేదు. ఆ పొద్దున్న కేకలు వినపడేదాకా అసలు ఒడ్డుకే వెళ్ళలేదు, తమ్ముడి ఉయ్యాల ఊపుతూ ఇంట్లో ఉన్నాను. కానీ ఊరంతా నావైపు చూస్తోంది. మా నాన్న చూస్తున్నాడు, పెద్దాయన చూస్తున్నాడు. ఎప్పుడూ ‘అవతలికి పో’ అనే మనుషులు నా నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని నిలబడ్డారు. నాకు ఎంతో బాగుంది. నిజం రాయాలంటే అదే నిజం, నాకు బాగుంది.

“సూసినాను,” అన్నాను.

“ఏటి సేత్తన్నాది?”

“వంగొని వలకి ఏటో కడతన్నాది.” అది చాలదనిపించింది. “ఎడం సేత్తో,” అన్నాను.

ఎడం చెయ్యి అనగానే జనంలో ఒక ఊపు వచ్చింది. దొరికిందన్నట్టు తలలు ఊపారు. బొడ్డత్త నావైపు చూసింది. కోపంగా కాదు. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డని పైనుంచి చేత్తో తడిమేటప్పుడు మంత్రసాని మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత చాలాసార్లు ఆ మొహం చూశాను కాబట్టి ఇప్పుడు పోల్చగలుగుతున్నాను.

పెద్దాయన తీర్పు చెప్పాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేలోగా బొడ్డత్త ఊరు దాటాలి. ఈలోగా ఎవరూ ఆవిడకి నీళ్ళు ఇవ్వకూడదు, మాట్లాడకూడదు. చిల్లంగి పేరుతో వెళ్ళగొట్టిన మంత్రసానిని ఏ పల్లె రానిస్తుంది? ఏ గుమ్మం తన బిడ్డను పట్టుకోనిస్తుంది? యాభై ఏళ్ళ మనిషి ఎక్కడికని పోతుంది? అది ఆలోచించేంత వయసు నాకు లేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి కత్తీ, ఒక కుండా, రెండు చీరలూ మూట కట్టుకుంటూ ఉంటే గుమ్మంలోంచి చూశాను. కత్తిని రెండుసార్లు తుడిచింది.  అయినా అబద్ధమాడానని నేను చెప్పలేదు. ఒకసారి తెలుసు అన్నాక తెలీదు అనడం మా ఊళ్ళో ఎవరూ చెయ్యగా నేను చూడలేదు.

ఆదివారం కదా, మావయ్య కొండ దిగి వచ్చాడు. ఒడ్డున జనాన్ని చూసి నేరుగా అటే వచ్చాడు. “ఏటి బావా, ఏటయింది?” అన్నాడు మా నాన్నతో. నాన్న చెప్పాడు, చెప్పి, “నువ్వు మద్దిలోకి రాకు బావా, ఇది మా ఊరి యవ్వారం,” అన్నాడు. మావయ్య సరేనన్నాడు. తువ్వాలు దులిపి, పెద్దాయన ఎదురుగా ఇసకలో గొంతుక్కూర్చున్నాడు.

“పెద్దయ్యా, నాను రేవులో బస్తాలు మోసీవోణ్ణి. నాకిలాటియి తెల్దు. తెలిసినోళ్ళు మీరు. కొంచెం సెప్పండి, నేర్సుకుంతాను. ఆ మూటలో ఏటున్నాది?”

“సిల్లంగి.”

“సిల్లంగి అంటే లోపలేటుంటాది?”

“ఎంటికలు, ఎముక, నిమ్మకాయ తొక్క. ఎవులికి తెల్దు?”

“ఎవులు ఇప్పి సూసినారు?”

“ఇప్పినోడు రగతం కక్కుకుంటాడు.”

“అవునేటి! అయితే ఇంతవరకూ ఎవులూ ఇప్పనేదు. ఇప్పకుండానే లోపల ఏటున్నాదో తెలిసినాది.” మావయ్య వెటకారంగా అనలేదు. నిజంగా లెక్క తేలనివాడిలా నుదురు ముడిచాడు. “పోనీండి. వల ఎన్నాళ్ళనుంచి ఖాళీగా వస్తన్నాది?”

“ఇరవై దినాలు.”

“మూట ఎన్నాళ్ళనుంచి ఉన్నాది?”

పెద్దాయన మా నాన్న వైపు చూశాడు. మా నాన్న చెప్పాడు. “నిన్న సందేళ నానే వల ఆరబెట్టి, సిరిగిన కాడ అల్లినాను. సంచి అంతా సేత్తో తడిమినాను. అప్పుడు నేదు.”

“అంటే మూట నిన్న సందేళ తరవాత వొచ్చినాది. సేపలు ఇరవై దినాల కింద ఎల్లిపోనాయి. ఈ అత్త ఇలాటి పని సేత్తాదని సేపలకి ముందే ఎవులు సెప్పినారు బావా?”

వెనక నుంచి ఎవడో కుర్రాడు ఫక్కున నవ్వాడు. తర్వాత ఇంకొకడు. పెద్దాయన మొహం నల్లబడింది. “తెలివి సూపించకు. పిల్ల సూసినాది. నీ మేనకోడలే సూసినాది. అడుగు.”

మావయ్య నావైపు తిరిగాడు.  ఆయన లేవలేదు, కూర్చునే నా ఎత్తుకు వచ్చాడు. అబద్ధం చెప్పావా అని అడగలేదు. “అమ్మీ, నువ్వు సూసింది సెప్పు. సూడంది సెప్పకు. తెల్దంటే తప్పునేదు, ఎవులూ నిన్నేటీ సెయ్యరు. పొద్దున్న ఎక్కడున్నావు?”

“ఇంట్లో. తమ్ముడి ఉయ్యాల కాడ.”

“వల అక్కణ్ణుంచి కనిపిస్తాదేటి?”

కనిపించదు. ఊరందరికీ తెలుసు కనిపించదని. అయినా ఆయన నన్నే చెప్పనిచ్చాడు.  చివరికి, “నాను సూడనేదు,” అన్నాను. ఆ రెండు ముక్కలూ బయటికి రావడానికి పడ్డ నొప్పి తర్వాత నా పిల్లల్ని కన్నప్పుడు కూడా పడలేదు. మా నాన్న చెయ్యి ఎత్తాడు. మావయ్య ఆ చెయ్యి పట్టుకుని, “అదిప్పుడే నిజం కన్నాది బావా, కొట్టకు,” అన్నాడు.

కానీ మూట ఉంది కదా. పెద్దాయన వదల్లేదు. “అయితే ఎవులు కట్టినారు? మూట దానంతట అదే ఈదుకుంటా వొచ్చినాదా?”

“నాకు తెల్దు,” అన్నాడు మావయ్య. “మీకు తెలుసా?”

తెలీదన్న మాట పెద్దాయన నోటి వెంట రాదు.  మూట విప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా నాన్న రాలేదు. నిజం చెప్పాలంటే మావయ్య కూడా చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆయనకీ భయమే. అప్పుడు బొడ్డత్త తన సామాను మూట కింద పెట్టి వచ్చింది. “నా బతుకంతా ముడులేసీది, కోసీదే కదా. ఇటు ఇయ్యండి,” అని వల సంచిలో చెయ్యి పెట్టింది. ఆ భయంలో, ఆడది వల ముట్టకూడదని ఎవరూ అడ్డం రాలేదు. గోటితో నల్ల దారం తెంపింది. పసుపు గుడ్డ విప్పింది. 

ఎండిన బొడ్డు. పుట్టిన పిల్లకి నాలుగు రోజుల్లో రాలిపోతుందే, అది. మిరియాల కాడలా నల్లగా ముడుచుకుపోయిన చిన్న ముక్క. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని తేరిపార చూసింది. ఎండిన బొడ్డు ఏ ఇంట్లో దాచిందైనా కావచ్చు, కానీ ఊళ్ళో ఆ మధ్య పుట్టినవాడు ఒక్కడే, మా తమ్ముడు. ఆ బొడ్డు కోసింది ఆవిడే. గుడ్డ అంచు చూస్తే మా నాయనమ్మ చీరదని ఎదురింటి మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసింది. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను, నాకు కనపడింది. ఒక్క మాట అంటే ఆవిడ బయటపడుతుంది, మా ఇల్లు మునుగుతుంది. ఆడది వల ముట్టింది కదా. బొడ్డత్త ఆ మాట అనలేదు. “ఎవులో పిల్లోడిది,” అంది అంతే. అరచెయ్యి మూసేసింది.

అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి మా నాయనమ్మ వచ్చింది. పొద్దున్నుంచీ ఆవిడ అక్కడే ఉంది. అన్నీ వింటూ ఉంది. నేను ఎడం చెయ్యి అన్నప్పుడూ వింది. “నాదే,” అంది.  “మనవడి బొడ్డు వల్లో ఉంటే గంగమ్మ తల్లి ఆణ్ణి మరిసిపోదని మా అమ్మ సెప్పీది. సీకటి పడినాక ఎవులి కంటా పడకుండా కట్టినాను. సెప్పాలనే ఉన్నాది. బయమేసినాది.” అలా అని ఇసకలో కూలబడి బొడ్డత్త కాళ్ళు పట్టుకోబోయింది. బొడ్డత్త వెనక్కి జరిగి, “లెగవే ముసిలీ, అందరూ సూత్తన్నారు,” అంది.

ఒక గొంతు, ఆడది వల ముట్టినాది కదా అని మొదలుపెట్టింది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.  “నా బొడ్డు కూడా మా యమ్మ వల్లోనే కట్టినాదట. సచ్చిపోయేముందు సెప్పినాది,” అన్నాడు. అది నిజమో, ఊరి మీద దయతో అప్పుడే పుట్టించిన మాటో నాకు తెలీదు. ఎవరూ ఆయన్ని అడగలేదు. మావయ్య కూడా అడగలేదు. ఎక్కడ అడగాలో తెలిసినవాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది కాబోలు. పెద్దాయన తన కోడలితో అత్తకి నీళ్ళు ఇప్పించాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి బొడ్డత్త తన గుమ్మంలో కూర్చుని, మూటలోంచి కుండ తీసి యథాస్థానంలో పెట్టుకుంటోంది.

మర్నాడు కూడా వల ఖాళీగానే వచ్చింది. ఆ మర్నాడూ అంతే. వారం పోయాక ఒక పొద్దున్న కవళ్ళు వచ్చాయి, వల మొయ్యలేనన్ని. ఎందుకు పోయాయో, ఎందుకు వచ్చాయో ఎవరికీ తెలీదు. ఆ ఒక్కసారి మాత్రం తెలుసని ఎవరూ అనలేదు.

మావయ్యని ఊరు మెచ్చుకుందనుకునేరు, లేదు. చాన్నాళ్ళు ఆయన్ని చూసి మొహాలు తిప్పుకున్నారు. పాక హోటలువాడు ఆయన వస్తే పాలు అయిపోయాయనేవాడు. మావయ్య నాతో అన్నాడు, “సూసినావా అమ్మీ, ఆయనకి ఇసం ఇచ్చినారు, నాకు టీ మానేసినారు. మన ఊరోళ్ళు ఎంత మంచోళ్ళో!”

మూడు రోజులు నేను బొడ్డత్త కంట పడకుండా దొడ్డిదారిన తిరిగాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడే అరుగు మీంచి కేకేసింది. “ఒలే గుంటా, ఇటు రా. పక్క ఈదిలో నొప్పులొచ్చినాయి. పొయ్యి ఊదీవోళ్ళు కావాలి, బేగి నడు.” వెళ్ళాను. ఆ తర్వాత ఆవిడ ఏ పురుడుకు వెళ్ళినా నన్ను పిలిచేది. కొంచెం పెద్దయ్యాక నా చెయ్యి పట్టి గర్భిణి కడుపు మీద పెట్టి, “ఏటి తగిలింది?” అనేది. “తల,” అనేదాన్ని. “తలో, పిర్రో?” అనేది. తెలీదు అంటే తిట్టేది కాదు. “అయితే మల్లా సూడు,” అనేది. తెలుసని తప్పు చెప్పిన రోజున మాత్రం నెత్తి మీద మొట్టికాయ పడేది.

ఆ చేతి చలవ వల్లే పెళ్ళయి కొండ అవతలికి, గాజువాకకి వచ్చాక ఆసుపత్రిలో పురుళ్ళ వార్డులో ఆయాగా పని దొరికింది. ముప్పై ఏళ్ళు చేశాను. మందు సీసా మీద పేరు చదవలేక ఒకరోజు సిగ్గుపడి, సాయంత్రం బడిలో చేరాను. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా ఉక్కు ఫ్యాక్టరీలో ఊడ్చేవాళ్ళు, మట్టి మోసేవాళ్ళు. పంతులమ్మ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ‘ఇది ఏ అక్షరం?’ అంటే అందరూ గట్టిగా ఏదో ఒకటి అనేవారు. నేను ‘తెలీదమ్మా’ అనేదాన్ని. అందరికంటే ముందు నాకే చదువు వచ్చింది. గొప్పకి చెప్పడం లేదు. తెలుసన్నవాళ్ళకి పంతులమ్మ మళ్ళీ చెప్పలేదు, నాకు చెప్పింది.

మా మనవరాలి పుస్తకంలో ఒకనాడు ఆ ముసలాయన కనిపించాడు. సగం పేజీ, ఒక బొమ్మ. కూడబలుక్కుని చదివాను. మావయ్య చెప్పినట్టే ముక్కు చప్పిడి. విషం గిన్నె ఉంది, తెలీదన్న మాట ఉంది, తాను ఏమీ రాయలేదని, శిష్యులు రాశారని ఉంది. తల్లి మంత్రసాని అన్న మాట మాత్రం లేదు. పెన్సిలు తీసి బొమ్మ పక్కన నేనే రాశాను. మనవరాలు, బడి పుస్తకంలో రాయకూడదు నాయనమ్మా అని గోల పెట్టింది. ఇంత దూరం నోళ్ళ మీద వచ్చిన మనిషి, ఒక ముక్క రాలిపోతే ఎలాగే అన్నాను.

పోయినేడు మా గాజువాక వీధిలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో ఒక మాట పాకింది. సంచీ మోసుకుని పోతున్న ఒక పిచ్చిదాన్ని పట్టుకుని చుట్టూ మూగారు. నేను జనంలోకి వెళ్ళాను. ఎవరి పిల్ల పోయింది, ఎవరు చూశారు అని అడిగాను. ఎవరి పిల్లా పోలేదు, ఎవరూ చూడలేదు. ఇద్దరు నన్ను తిట్టారు, నలుగురు పక్కకు తప్పుకున్నారు, ఒక పిల్ల పరిగెత్తి వెళ్ళి ఆ మనిషికి మజ్జిగ తెచ్చింది. అంతే. కలాసీలు దించే సరుకు ఎవరి ఇంటికి చేరుతుందో వాళ్ళకి తెలీదు కదా. మావయ్యకీ తెలీదు, ఆ ఓడ వంటవాడికీ తెలీదు.

బొడ్డత్త తన ఇంట్లోనే, తన మంచం మీదే ముసలితనంతో పోయింది. పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు నా ఇద్దరు పిల్లల బొడ్డూ ఆవిడే కోసింది. అన్నేళ్ళు పక్కపక్కన పనిచేశాం, ఎన్నో మాట్లాడుకున్నాం. ‘ఎందుకలా చెప్పావే’ అని ఆవిడ నన్ను ఒక్కసారీ అడగలేదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను నేనే అడుగుతున్నాను.